నోట్లోది

జ్వరంతో మేస్త్రీ మంచం పట్టిన నాటినుంచీ అతని భార్యకు వంటింట్లో చోటు లేకుండా పోయింది.

"నువ్వు పొయ్యి ముట్టకు" అంది అత్త. అంతటితో ఊరుకుందా! "ఏం కడుగుతుందో, ఏం ఉడకబెడుతుందో! గిన్నె అడుగున మడ్డి కళ్లారా చూశాను" అని ఇరుగుపొరుగు చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పింది. మేస్త్రీ ఔననలేదు, కాదనలేదు. భార్య తెచ్చిన పళ్లెం మాత్రం పక్కకు నెట్టాడు.

అతనిది సోఫాలకు గుడ్డ బిగించే పని. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోటీ పెదవుల మధ్యకు తెచ్చి, అయస్కాంతపు సుత్తికి అందిస్తాడు. చేత్తో తీసేవాణ్ణి అసలు పనివాడిగానే జమకట్టడు. "నోట్లో మేకులున్నంతసేపే మా మేస్త్రీ మంచోడు" అని కొట్లో నవ్వుకునేవాళ్లు. పంటి చిగురు తెగితే తుపుక్కున ఉమ్మి, మళ్లీ గుప్పెడు పోసుకునేవాడు.

ఆయాసం కూడా మొదలయ్యాక ఆసుపత్రిలో చేర్చారు. రక్తం తీశారు, గుండెకు స్కానింగ్ చేశారు. ఆ ఫలితం కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది కోడలే. మొగుడు బతకాలి. తన చేతికంటిన మచ్చా పోవాలి.

మంచం దగ్గరికొచ్చి డాక్టరమ్మ అడిగింది. "మీ నోట్లో గాయమేమైనా అయిందా?"

"మేకులు పెట్టుకుంటారండీ" అంది భార్య.

"అదీ సంగతి. ఈ క్రిములు బయటివి కావు. అందరి నోట్లోనూ ఉండేవే. అక్కడున్నంతకాలం పేచీ లేదు. చిగురు తెగి రక్తంలో పడ్డట్టున్నాయి. మీ గుండె కవాటంలో పుట్టుకతోనే చిన్న లోపముంది, అక్కడ గూడు కట్టాయి. ఎంతో అరుదుగా జరుగుతుందిలా. వారాల తరబడి ఇంజెక్షన్లు చేయాలి. జబ్బు లొంగుతుందనే అనుకుంటున్నా."

"తిండివల్ల కాదాండీ?"

"తిండికీ దీనికీ సంబంధమే లేదమ్మా."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను విన్నాడు. తల కూడా ఆడించాడు.

డాక్టరమ్మ అటు వెళ్లగానే సంచీతో అత్త ఇటు వచ్చింది. కోడలు ఆగలేకపోయింది.

"అత్తయ్యా, వంటవల్ల కాదంట. ఆయన నోట్లోంచే వచ్చిందంట!"

"నోట్లోంచా?" అత్త సంచీ కింద పెట్టింది. "ఆ నోట్లో పెట్టిందెవరే మరి?"

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు.

పుట్టుకతో వచ్చిన లోపం సంగతి కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. కన్నతల్లి ముందు ఆ ఒక్కమాట వేస్తే చాలు, అత్త నోరు మూతపడేది. మింగేసింది. చెప్పాల్సినవాడు మెలకువగానే ఉన్నాడు.

గ్లాసులో నీళ్లు పోసి అతనికి అందించింది. మేస్త్రీ గ్లాసు వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"అమ్మా, నీళ్లు నువ్వివ్వు."

అత్త వేరే గ్లాసు కడగడానికి వెళ్లింది. తన చేతిలోని నీళ్లను కోడలు నిలబడే గటగటా తాగేసింది.