ఒక దగ్గు, నాలుగు అంకెలు

మా బ్యాండులో అందరికంటే ముందు నోరు విప్పేది చనిపోయినవాడే.

హాల్లో దీపాలు ఆరగానే ఒక చిన్న దగ్గు వినిపిస్తుంది. వెంటనే ఒక మగ గొంతు, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతుంది. ఆ మరుక్షణం డ్రమ్ములూ గిటార్లూ ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ గొంతు మా మొదటి డ్రమ్మర్‌ది. వాణ్ణి అందరం తొందర అని పిలిచేవాళ్లం. తిండికి తొందర, పెళ్లికి తొందర, చివరికి పోవడానికీ తొందరే. ఇరవై తొమ్మిదేళ్లకే, వానలో, మోటారు సైకిలు మీద వస్తూ పోయాడు. అప్పటికి వాడి కూతురికి రెండేళ్లు. అంతకు వారం ముందు రిహార్సల్లో నేను చేసిన రికార్డింగులో ఆ దగ్గూ, ఆ నాలుగు అంకెలూ మిగిలాయి. ముప్పై నాలుగేళ్లుగా మా ప్రతి కచేరీ వాటితోనే మొదలవుతోంది.

నేను సౌండు చూసేవాణ్ణి. హాలు వెనకాల మిక్సర్ బల్ల దగ్గర కూర్చుంటాను. నన్నెవరూ పట్టించుకోరు. ఎప్పుడైనా స్పీకరు కీచుమంటే మాత్రం అయిదు వేల తలలు నా వైపు తిరుగుతాయి.

ఆ తలల్లో సగం నెరిసినవి, మిగతా సగం బట్టవి. మా బ్యాండు పేరున్న నల్ల బనియన్లు పొట్టల మీద బిగుసుకుపోయి, అక్షరాలు సాగిపోయి ఉంటాయి. ఆ పాత పాటలే మళ్లీ మళ్లీ వినడానికి ఎందుకొస్తారని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలిసిందొకటే. కాలం ఎక్కడికీ పోలేదని ఎవరో ఒకరు గట్టిగా అరిచి చెప్పాలి వాళ్లకి. మేం రెండు గంటలు ఆ పని చేసిపెడతాం. వాళ్లకో పిచ్చి అలవాటు కూడా ఉంది. తొందర దగ్గగానే హాలంతా వాడితో పాటు దగ్గుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో అంటురోగమనుకుని హడలిపోతారు.

తొందర పోయిన వారానికి మా గిటారిస్టు ఒక శపథం పట్టాడు. అతని పేరే మొండి. మేం పెట్టిందే, కానీ అమ్మానాన్నలు పెట్టిన పేరు కంటే బాగా అతికింది. "ప్రతి కచేరీ వాడే మొదలుపెడతాడు. వాడి లెక్కకి నా చేతులు అందని రోజు గిటారు కింద పెట్టేస్తా," అన్నాడు.

పదకొండేళ్ల కిందట ఆ చేతులు అందలేదు. మొదటి పాటలోనే వెనకబడ్డాడు. స్టేజీ దిగి వచ్చి, "ఇవాళ వేళ్లు మాట వినట్లేదురా, రేపూ ఇంతే అయితే దించేస్తా," అని నవ్వబోయాడు. మొండికి గిటారు తప్ప ఇంకేమీ లేదు. భార్య విసిగిపోయి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇంట్లో మూడు కుర్చీలుంటే రెంటి మీద గిటారు తీగలే. ఆ గిటారు కూడా దించేస్తే మనిషి దక్కడు.

మర్నాడు నేను తొందర గొంతును నూటికి ఒక పాలు నెమ్మది చేశాను. ఎవరూ గమనించలేదు. గాయకుడికి ఒక చెవి ఎప్పుడో పోయింది. తొందర స్థానంలో వాయించేవాడు ఎంత వేగం ఇస్తే అంత వేగానికి వాయించే రకం. మొండి చేతులు అందాయి. మరుసటి ఏడాది ఇంకో పాలు తగ్గించాను. అలా పదకొండేళ్లు. ఏ ఏడాదికా ఏడాది తేడా తెలియదు. కానీ నెమ్మదించే కొద్దీ గొంతు బరువెక్కుతుంది. అది నేను మాత్రమే వింటూ వచ్చాను.

ఈ ఏడు ఆ డ్రమ్మర్ మోకాళ్లు అరిగి మానేశాడు. అతని స్థానంలో తొందర కూతురు వచ్చింది. ముప్పై ఆరేళ్ల మనిషి, బడిలో పిల్లలకి డ్రమ్ములు నేర్పుతుంది. గోదాములో మొదటి రిహార్సలు పెట్టుకున్నాం. నేను మీట నొక్కాను. దగ్గు, నాలుగు అంకెలు. గిటార్లు మొదలయ్యాయి. డ్రమ్ములు మొదలవలేదు. పిల్ల పుల్లలు గాలిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"కంగారు పడ్డాను పెదనాన్నా, మళ్లీ మొదలుపెడదాం," అంది మొండితో. రెండోసారి సరిగ్గా వాయించింది. అందరూ టీకి బయటికి వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"బాబాయ్, ఆ గొంతెవరిది?"

"మీ నాన్నదే తల్లీ."

"కాదు. నా దగ్గర అసలు టేపుంది. చిన్నప్పుడు మీరిచ్చిందే. దాంతోనే డ్రమ్ములు నేర్చుకున్నా. ఇదెవరో ముసలాయన."

ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పేశాను. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అసలుదీ, నేను మార్చినదీ ఒకదాని తర్వాత ఒకటి విన్నది. తీసేసరికి కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"పెదనాన్న కోసం మా నాన్నని ముసలివాణ్ణి చేసేశారు," అంది.

"మరి నన్నేం చెయ్యమంటావ్? మాట తప్పే మనిషి కాదు వాడు. తెలిస్తే గిటారు దించేస్తాడు."

"నాకున్నది ఆ నాలుగు మాటలే బాబాయ్. రేపు నేను నాన్న పక్కన కూర్చుని వాయించే మొదటి కచేరీ. అసలుది వెయ్యండి. లేకపోతే నేనే పెదనాన్నకి చెప్తా."

ఆ పిల్ల మీద నాకు మా చెడ్డ కోపం వచ్చింది. అడిగినదాంట్లో తప్పేమీ లేదని తెలిసేసరికి ఆ కోపం నా మీదికే మళ్లింది.

మర్నాడు సాయంత్రం దీపాలు ఆరాయి. నేను అసలుది వేశాను. దగ్గు. హాలంతా దగ్గింది. తర్వాత ఒక పడుచు గొంతు, రైలు తప్పిపోతుందన్నట్టు, నాలుగు అంకెలూ గబగబా అనేసింది. పదకొండేళ్లుగా ఆ కుర్రవాణ్ణి నేనే నొక్కిపెట్టి ఉంచానని అప్పుడు తెలిసింది.

నాలుగు అయిపోయింది. పుల్లలు దిగలేదు. ఒక్క ఊపిరి తీసుకునేంత ఖాళీ. ఆ తర్వాత దిగాయి, ముసలివాళ్ల వేగంతో. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ లెక్కకే వాయించిన పిల్ల, మొదటిసారి తండ్రి మాట కాదంది. ఎందుకలా చేశావని తర్వాత అడిగాను. "వెనక నుంచి పెదనాన్న వేళ్లు కనిపించాయి. తీగల మీద పెట్టకముందే వణుకుతున్నాయి," అంది.

కచేరీ అయ్యాక మొండి నన్ను లోపలి గదికి పిలిచాడు. గిటారు ఒళ్లోనే ఉంది.

"ఎన్నేళ్ల నుంచి?"

"పదకొండు."

"ఇవాళ్టిది అసలుదా?"

"అవును."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చిన్నపిల్లాడు రా వాడు," అన్నాడు. "నాతో పాటే పెద్దవాడవుతున్నాడనుకున్నా ఇన్నేళ్లూ. ఇవాళ విన్నాక తెలిసింది. అంత చిన్నవాడికి భయపడుతూ బతికానురా నేను." మొండి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఏడ్చాను.

"రేపు వాణ్ణి లేపొద్దు, పడుకోనీ. అమ్మాయి లెక్కపెడుతుంది."

"మరి నువ్వు?"

"వాడి లెక్కకి నా చేతులు అందవనే అమ్మాయి ఆగింది. మాట మాటే. రేపటిది ఒప్పుకున్నాం కాబట్టి వాయిస్తా. అదే ఆఖరు." గిటారును పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.

ఆ రెండో సాయంత్రం తొందర గొంతుండే మీటను పూర్తిగా కిందికి దించేశాను. దీపాలు ఆరాయి. చీకట్లో నా చెయ్యి అలవాటుగా ఆ మీట మీదికే పోతుంటే ఒళ్లో పెట్టుకున్నాను. స్టేజీ మీద పిల్ల పుల్లలెత్తి, లెక్కపెట్టడానికి నోరు తెరిచింది.

హాలు దగ్గింది.

దగ్గి ఆగలేదు. ఎవరూ లెక్కపెట్టకపోయేసరికి జనమే అందుకున్నారు. "ఒకటి," అన్నారు అయిదు వేల మంది. "రెండు." నెమ్మదిగా, బరువుగా, నేను ముసలివాణ్ణి చేసిన గొంతు ఎలా అనేదో అచ్చం అలాగే. పదకొండేళ్లుగా వాళ్లు నేర్చుకున్నది ఆ తొందరనే. "మూడు." నాలుగో అంకెను మాత్రం ఎవడో అందరికంటే ముందే, గబుక్కున అనేశాడు. పడుచు గొంతు. ఎవడో తాగి వచ్చినవాడై ఉంటాడు. అలాగే అనుకుంటాను నేను.

మొండి గిరుక్కున నా వైపు తిరిగాడు. మళ్లీ నేనేదో చేశానన్న అనుమానం. బల్ల మీది చిన్న దీపం వెలుతురులో నేను రెండు చేతులూ పైకెత్తి, ఖాళీ అరచేతులు చూపించాను.

అతను వాటినే చూస్తూ వాయించడం మొదలుపెట్టాడు. వేళ్లు అందాయి. పాట సగంలో చేతులు నొప్పెట్టినా నేను దించలేదు, చూస్తున్నాడేమోనని.