మూడో వేలు

దేశ రాజధానిలోని లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్లకి కొదవ లేదు, ఒక్కో మెట్లదారికి రెండు మూడు. అలాంటి ఒకదాంట్లో రేవతి వీడియో ఎడిటర్. లెక్కల పాఠం సాగుతుంటే స్క్రీను మూల నిలబడి అదే పాఠాన్ని సైగల భాషలో చెప్పే సుధీర్‌ని అతికించడం ఆమెకి కొత్తగా అప్పగించిన పని. ఆలోచన మాత్రం పీజీ హాస్టల్లో ఆమె రూమ్మేటు చాందినిది. పుట్టుకతోనే చెవులు వినబడని చాందిని బ్యాంకు పరీక్షకి చదువుతోంది. లెక్కలు చేతులతో చెప్పించండి చాలు, మిగతాది నేను చూసుకుంటానని సెంటరు యజమాని భరద్వాజ్ వెంటపడి ఒప్పించింది. ఒప్పుకున్నాడంటే సగమే. శుక్రవారం ఒక నమూనా చూస్తాడు. చూడముచ్చటగా ఉంటే అన్ని పాఠాలకీ పెట్టిస్తాడు, లేకపోతే అంతే సంగతులు.

సుధీర్ తన గదిలో పచ్చ గుడ్డ ముందు నిలబడి ఫోనులో తీసుకుని వాట్సాప్‌లో పంపాడు. డాక్యుమెంటుగా పంపమంటే మామూలు వీడియోగా పంపాడు మహానుభావుడు! వాట్సాప్ కుదించేయడంతో అది దారిలో నలిగి సగమై చేరింది. పైగా ఫోనులో జాగా లేదని అసలుది చెరిపేసి, ఏదో శిక్షణకని డెహ్రాడూన్ చెక్కేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వెనకున్న పచ్చరంగు తీసేసి మనిషిని మాత్రం ఉంచమంటే కంప్యూటరు తీసేసింది గానీ, సుధీర్ చుట్టూ నాచు పట్టినట్టు ఒక అంచు మిగిలింది. రేవతికి శుభ్రం పిచ్చి. అంచుల్ని లోపలికి నొక్కింది, మెత్తబరిచింది, మళ్లీ నొక్కింది. నాచు పోయింది. వెనకాల నీలిరంగు మెరుపుల తెర పెట్టేసరికి సుధీర్ టీవీలో వార్తలు చదివేవాడిలా తేలాడు. మురిసిపోయి చాందినిని పిలిచి చూపించింది.

చాందిని మురవలేదు. ఒకచోట ఆపి, సుధీర్ చేతిని చూపిస్తూ, రెండా మూడా అని సైగ చేసింది.

రేవతి వంగి చూసింది. చూపుడువేలు ఉంది. పక్కన లావుపాటిదొకటి ఉంది. అది ఒక వేలో, రెండు కలిసిపోయాయో ఆమెకే తెలియలేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, పచ్చ పోవాలని మనిషి వేళ్లే కరిగించేసింది. సిగ్గేసింది. సిగ్గు వెనకే ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ మూడో వేలు ఎటు పోయినట్టు? వీడియోలో అసలు ఉందా, దారిలోనే పోయిందా?

వీడియోలో రంగునీ వెలుగునీ విడదీసి చూడొచ్చు. ముందు రంగు ఒక్కటే చూసింది. చెయ్యి వానలో తడిసిన ముగ్గులా ఉంది. తర్వాత రంగంతా తీసి వెలుగు ఒక్కటే చూసింది. తెలుపు నలుపుల్లో, దేనికది విడివిడిగా, మూడు వేళ్లు!

"అమ్మ దొంగా, ఇక్కడున్నావా?" అని పైకే అనేసింది.

కారణం వెతుక్కుంటూ పోతే తెలిసింది. కుదించేటప్పుడు బొమ్మలో ప్రతి చుక్కకీ దాని వెలుగు దానికే ఉంచి, రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే ఇస్తారు. నలుగురు పిల్లలకి ఒకే దుప్పటి కప్పినట్టు. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంతగా రంగులో తేడాని పట్టదు గనక ఆ పిసినారితనం చెల్లిపోతుంది. ఇన్నాళ్లూ రేవతి దుప్పటి అంచు చూసి పిల్లల కాళ్లు కొలుస్తోందన్నమాట.

సుధీర్ ఒక్కటే లైటు వేసుకోవడం కూడా కలిసొచ్చింది. వెనక గుడ్డ మసకగా, చేతులు వెలుగుగా పడ్డాయి. మనిషి ఎక్కడున్నాడో ఉజ్జాయింపుగా రంగుని చెప్పనిచ్చి, వేళ్ల అంచుల్ని వెలుగుతో గీయించింది. వేళ్లు తిరిగొచ్చాయి. వాటితోపాటు సన్నటి పచ్చ జీర కూడా వచ్చింది. దాన్ని తుడిస్తే వేళ్లు బూడిదరంగుకి తిరిగాయి. జీర అలాగే ఉండనీ, చదవడానికి ఇది చాలంది చాందిని. చాందినికి చాలు, భరద్వాజ్‌కి చాలొద్దూ?

శుక్రవారం రానే వచ్చింది. జనక్‌పురిలో తెలుగువాళ్లింట పుట్టి పెరిగిన భరద్వాజ్‌కి తెలుగు వచ్చు, హిందీ దానికి తోడొస్తుంది. రేవతి మొదట శుభ్రంగా ఉన్నదే పెట్టింది. చేతులే చెప్పాలని చాందిని వెళ్లి స్పీకర్లు ఆపేసింది.

"వాహ్! ఏక్‌దమ్ టీవీలా ఉంది. ఇదే ఫైనల్ చేసెయ్యమ్మా," అన్నాడు భరద్వాజ్.

నోరు మూసుకుంటే గండం గట్టెక్కినట్టే. రేవతి చాందిని వైపు చూసింది. మూసుకోలేకపోయింది. ఆ వేళ్ల దగ్గర వీడియో ఆపింది.

"ఆ చెయ్యి ఎంతంటోంది సార్?"

"రెండు."

"మూడండి."

"అచ్ఛా?" అని ముందుకు వంగాడు. రేవతి రెండోది పెట్టింది. "హా, మూడు. సాఫ్‌గా ఉంది. కానీ ఈ పచ్చ జీరేంటి? ఇలా ఉంటే ఎవరు చూస్తారమ్మా? వదిలెయ్, మనకి ఠీక్ కాదిది."

చాందినికి మాట వినబడకపోయినా అతని మొహం అర్థమైంది. చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. రేవతి చూపు తిప్పుకుంటే అద్దం గోడకి అవతల తరగతి గది, గోడకి ఆకుపచ్చ బోర్డు. అంతే, ఆ నీలి మెరుపుల తెర పీకేసి, వెనకాల ముదురాకుపచ్చ నింపింది. జీర వెళ్లి అందులో కలిసిపోయింది.

"అరే, మన బోర్డు!" అన్నాడు భరద్వాజ్.

ఇన్నాళ్లూ పచ్చని తరమడానికే చూసింది గానీ, దానికి కూర్చోవడానికి చోటిద్దామని తోచలేదు.

వీడియో మొదటికి వెళ్లింది. ముగ్గురు పన్నెండు రోజుల్లో చేసే పని తొమ్మిది మందికి ఎన్ని రోజులు పడుతుందని సుధీర్ చేతులు అడుగుతున్నాయి. భరద్వాజ్ స్పీకర్ల జోలికి పోలేదు. కళ్లు చికిలించి చూస్తున్నాడు. సుధీర్ ఇంకా లెక్క విడదీస్తుండగానే చాందిని ఒళ్లోంచి చెయ్యి పైకెత్తి, వేళ్లు విప్పింది.

"నాలుగు," అన్నాడు భరద్వాజ్, ఎవరూ చెప్పకుండానే.