గెలిచే గుంపులో లూసీల్

మార్చి మొదటి మంగళవారం వెర్మాంట్ కొండల్లో ఏ ఊరికైనా రెండే పనులు: మేపుల్ చెట్ల నుంచి రసం పట్టడం, ఊరంతా కూడి ఓట్లేసే టౌన్ మీటింగులో దెబ్బలాడుకోవడం. మొదటిదానికి ఎండ రావాలి. రెండోదానికి ఓరిన్ ట్విచెల్ వస్తే చాలు.

ఓరిన్ మహా మాటకారి. ఎదుటివాళ్లు అనని మాటను వాళ్ల నోట్లో పెట్టి, దాన్నే చీల్చి చెండాడి, చప్పట్లు కొట్టించుకుని కూర్చుంటాడు. ఊళ్లో సగంమంది మీటింగుకి వచ్చేదే అతని కోసం. లూసీల్ గోకీ కూడా ఇన్నేళ్లూ వెనక వరసలో స్వెటర్ అల్లుకుంటూ అతని మాటలకి కడుపుబ్బ నవ్వినదే. ఈసారి మాత్రం ఆమె సూదులు కదల్లేదు. వాగు మీద పాత చెక్క వంతెన బాగుచెయ్యాలా, మూసెయ్యాలా అన్నది ఆనాటి తగువు. వంతెన అవతల ఉన్న నాలుగిళ్లలో ఒకటి ఆమెది.

ఆ హాల్లో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు. పక్కింటివాణ్ణి కడిగెయ్యాలన్నా సభ నడిపే మోడరేటర్‌తోనే చెప్పాలి. మోడరేటర్ హారియెట్ స్టెబిన్స్ చేతిలో చిన్న చెక్క సుత్తి ఉంటుంది, దానికి ఎవరన్నా లెక్కలేదు.

లూసీల్ లేచింది. "మేడమ్ మోడరేటర్, వంతెన మూస్తే మా మేపుల్ పాకం కొనేవాళ్లు కొండంతా చుట్టి రావాలి. ఎవరొస్తారు చెప్పండి? నాలుగు చెక్కలు మారిస్తే పోయేదానికి!"

ఓరిన్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ మోడరేటర్, లూసీల్ గారంటే నాకెంతో గౌరవం."

ఈ మాటతో మొదలెట్టాడంటే అవతలివాళ్ల పని అయిపోయినట్టే.

"ఇంతకీ ఆవిడ అనేదేంటి? బడిలో పిల్లలు చలికి వణికి చచ్చినా ఫర్వాలేదు, నా పాకం సీసాలకి మాత్రం రాచబాట కావాలి అంటున్నారు!"

"నేనెప్పుడన్నానయ్యా ఆ మాట?"

సుత్తి ఠంగుమంది. "నాతో మాట్లాడు లూసీల్," అంది హారియెట్.

"ఇవాళ వంతెన. రేపు విమానాశ్రయం. లేకపోతే పాకం చల్లారిపోదూ!" అన్నాడు ఓరిన్. "ఊరి డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. తేల్చుకోండి. బడిలో పొయ్యా? ఆవిడ వంతెనా?"

హాలంతా గొల్లుమంది. బడికి పోయినేడే కొత్త పొయ్యి పెట్టించారు, కానీ నవ్వేటప్పుడు అది ఎవరికి గుర్తొస్తుంది? పక్కనే కూర్చున్న మొగుడు ఆర్మాండ్ కూడా మీసాల చాటున నవ్వాడు. లూసీల్‌కి ఒళ్లు మండిపోయింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. అసలు ఆమె బాధ పాకం కాదు. ఆకులు రాలే కాలంలో ఒక సాయంత్రం ఆర్మాండ్ పాకం వండే కొట్టంలో గుండె పట్టుకుని కూలిపోయాడు. అంబులెన్సు ఆ వంతెన మీంచి వచ్చింది కాబట్టి బతికాడు, చుట్టూ తిరిగొస్తే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక ఆర్మాండ్ చేసిన మొదటి పని పెళ్లాం చేత ఒట్టు వేయించుకోవడం. "ఊళ్లో తెలిసిందా, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పూలు పట్టుకొస్తారు. చెప్పకు," అన్నాడు. అతను చెల్లెలింట్లో ఉండి వచ్చాడనే ఊరంతా అనుకుంది.

"వంతెన మూసెయ్యాలనేవాళ్లు ఔననండి," అంది హారియెట్.

"ఔను!" అని హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా అరిచింది లూసీల్.

ఆర్మాండ్ నోరు తెరుచుకుపోయింది. "నీకేమన్నా మతిపోయిందా?"

"నోర్మూసుకుని భోజనానికి పద."

పంది మాంసం, బీన్సు, యాపిల్ పైలు పెట్టిన బల్లల దగ్గర ఆర్మాండ్ అలిగి వేరే కూర్చున్నాడు. ఓరిన్ పళ్లెంతో వచ్చాడు. "చూశావా లూసీల్, నిన్ను కూడా ఒప్పించాను!"

"ముందు బీన్సు తిను ఓరిన్, చల్లారిపోతాయి."

భోజనాలయ్యాక హారియెట్ తర్వాతి విషయం ఎత్తబోతుంటే లూసీల్ లేచింది. వంతెన సంగతి మళ్లీ చర్చకు పెట్టమంది.

ఓరిన్ ఎగిరిపడ్డాడు. "ఓడినవాళ్లు అలా అడగడానికి వీల్లేదు! రూలుంది!"

"నిజమే. గెలిచినవైపు ఓటేసినవాళ్లే అడగాలి," అంది హారియెట్. "నువ్వెటు వేశావు లూసీల్?"

"ఓరిన్ గారి వైపే. నా అరుపు మీరంతా వినే ఉంటారు."

ఈసారి నవ్వు ఆమె వైపు తిరిగింది. తమాషా చూద్దామనో ఏమో, మళ్లీ చర్చకు అందరూ ఒప్పుకున్నారు. ఓరిన్ మాత్రం ఊరుకునే రకమా?

"మేడమ్ మోడరేటర్, పొద్దున వంతెన కావాలన్న లూసీల్ ఒకరు, మూసెయ్యమన్న లూసీల్ ఒకరు, ఇప్పుడు ఈవిడ ఒకరు. ఏ లూసీల్‌ని నమ్మమంటారు?"

లూసీల్ ఆర్మాండ్ వంక చూసింది. వద్దన్నట్టు అతను తలాడించాడు.

"పొద్దున మాట్లాడిన లూసీల్‌ని నమ్మకండి. అది అబద్ధమాడింది," అంది. "నా గొడవ పాకం కాదు. ఆ వంతెన లేకపోతే పోయినేడే నాకు మొగుడు లేకుండా పోయేవాడు. ఈయన గుండె ఆగబోయింది. చెప్పనని ఒట్టేశాను. ఆ ఒట్టు ఇదిగో, తీసి గట్టున పెడుతున్నాను."

ఓరిన్ వెనక్కి తిరిగాడు. "ఆర్మాండ్, నిజమేనా?" అన్నాడు, మోడరేటర్ని మర్చిపోయి. హారియెట్ సుత్తి కొట్టలేదు.

ఆర్మాండ్ ఎర్రబడ్డ మొహంతో మెల్లగా లేచాడు. "మేడమ్ మోడరేటర్, మా ఆవిడ చెప్పింది తప్పు."

లూసీల్ కళ్లు మూసుకుంది.

"ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోది ఆవిడకీ చెప్పలేదు."

అందరూ ఓరిన్ వైపు చూశారు. అతను లేచి, టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "ఆ వేసే చెక్కలేవో గట్టివి వెయ్యమనండి," అని కూర్చున్నాడు. వంతెన బాగుచెయ్యాలన్న ఓటుకి మొదటి ఔను అతనిదే.

ఇంటికి వెళ్తూ వంతెన దగ్గరకి వచ్చేసరికి ట్రక్కు నెమ్మదించింది.

"రెండోసారి ఎప్పుడు?" అంది లూసీల్.

ఆర్మాండ్ గేరు మార్చాడు.

"నిన్నే అడిగేది!"

"మోడరేటర్ ద్వారా అడుగు."

అల్లిక సంచీతో భుజం మీద ఒక్కటిచ్చింది. అప్పుడు చెప్పాడు. "క్రిస్మస్‌కి ముందు ఆదివారం. నువ్వు చర్చిలో ఉన్నావు. కాసేపు నేలమీద పడుకుంటే తగ్గింది."

ఒక్కడే, నేలమీద. లూసీల్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ముక్కు తుడుచుకుని, గొంతు హారియెట్‌లా గట్టి చేసుకుంది.

"ఇకనుంచి ప్రతి ఆదివారం నువ్వూ చర్చికి వస్తున్నావు. రావాలనేవాళ్లు ఔననండి."

ముందు తనే "ఔను" అంది. చెక్కల్ని గడగడలాడించుకుంటూ ట్రక్కు వంతెన దాటింది.

"ఔను," అన్నాడు ఆర్మాండ్.