గంగమ్మతో బేరం

మా ఆయన వాసుదేవ్ ఇరవై ఏళ్ల వయసులో పడవ ముక్కు మీద కాళ్లు బారజాపుకుని, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టేవాళ్లను ఎగతాళి చేసేవాడట. యాభై దాటాక, నిరుడు గాలివానలో మా చిన్న మోటారు పడవ, డింగీ, బోల్తాపడి, ఖాళీ డీజిల్ డబ్బా పట్టుకుని ఒడ్డుకు చేరాడు. ఆ తర్వాత ఆయన భక్తి చూడాలి. ఉపవాసాలు, మెడనిండా తాయెత్తులు. నేనేం తక్కువ తినలేదు. మోకాలి నొప్పికొక మొక్కు, అల్లుడి ఉద్యోగానికొక మొక్కు. దేవుళ్లందరినీ పనిలో పెట్టేశాను.

ఇంత భక్తీ ఉండి, ఆయన మళ్లీ సముద్రం మీదికి మాత్రం పోలేకపోయాడు. కొత్త డింగీ మా దీవిలోని మాయాబందర్ ఒడ్డున ఎండుతోంది. మావాళ్లలో కొత్త పడవ వేటకు వెళ్లాలంటే, ఇంటి పెద్దావిడ దాని ముక్కుకి పసుపు రాసి గంగమ్మకి మొక్కు చెప్పాలి. ఆ మొక్కు చెవిన పడితేనే ఎక్కుతానన్నాడు. వేట తప్ప మాకు ఇంకో పని చేతకాదు.

మా అత్త కాళమ్మకి ఎనభై ఏళ్లు. పొద్దున్నే డింగీని మోకాలి లోతు నీళ్లలో నిలబెడితే వచ్చి పసుపు రాసింది. చేతులు కడుక్కుని పక్కకు జరిగింది.

“మొక్కు సెప్పమ్మా,” అన్నాడు వాసుదేవ్.

“నాను మొక్కనురా.”

నాకు ఒళ్లు మండింది. “ఒక కోడి ఇత్తానంటే నోరు అరిగిపోద్దా అత్తా?”

“మీ మాం యేటకెల్లినప్పుడు మొక్కినానే. ఆడు రానేదు. గంగమ్మని నోటికొచ్చినట్టు తిట్టినాను. ఆ తిట్లూ ఇననేదు, మరసటేడు బోట్ నిండా సేపలిచ్చింది. అంత పెద్దదాంతో నానేటి బేరమాడతానే?”

ఆ మాట అంటూ సముద్రం వైపు చూసింది. ఆవిడ మొహంలో కోపం వెతికాను, లేదు. భయం వెతికాను, అదీ లేదు. మొదటిసారి తీర్థంలో రథం చూసిన పసిపిల్ల మొహం అది.

ఆవిడ చీర ఎగ్గట్టి, పడవ అంచు పట్టుకుంది.

“ఎక్కించరా.”

మా ఆడవాళ్లు వేట పడవ ఎక్కరు. ఎక్కితే అరిష్టమని నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు చెప్పింది ఈవిడే.

“అమ్మా, పాప్ కాదా?” అన్నాడు వాసుదేవ్, పాపానికి ఇక్కడి హిందీ మాట వాడి.

“అయితే నాకే తగులుద్ది. బస్, పద.”

తల్లిని ఎక్కించి, తనూ ఎక్కి ఇంజన్ తాడు లాగాడు. డింగీ జెట్టీ దాటింది. ముందువైపు కూర్చున్న మా అత్త తల అలతోపాటు లేస్తోంది, దిగుతోంది. నావాళ్లిద్దరూ ఆ నీళ్ల మీదే ఉన్నారు. మొక్కుకుందామని చేతులు జోడించాను. అంత సముద్రాన్ని చూస్తుంటే, ఏం అడగాలో నాకు తోచలేదు.