చివరి స్క్రూ

ల్యాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి, స్క్రూలు ఒక్కొక్కటే విప్పి సీసా మూతల్లో వేస్తున్నాడు మూతల మాస్టారు. ఏ వైపు స్క్రూలు ఆ మూతలోకే వెళ్లాలి. ఎడమ వైపువి నీలం మూతలోకి, కుడి వైపువి ఎర్ర మూతలోకి. బల్ల నిండా మూతలే కాబట్టి వీధివాళ్లు పెట్టిన పేరది. ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, మాస్టారు అని పిలిపించుకోవడం ఎవరికి చేదు?

ఇవాళ బల్లెక్కింది పరాయివాళ్లది కాదు, ఇంటావిడది. ఊళ్లో అందరి కంప్యూటర్లూ బాగుచేసే మనిషి, పెళ్లాం ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎప్పుడూ "రేపు చూద్దాంలే" అంటూ వచ్చాడు. అది కాస్తా నిన్న మొండికేసింది. రేపటి నుంచి ఆవిడ ఇంట్లోంచే అల్లికల క్లాసు మొదలుపెడుతోంది. ఇన్నేళ్లుగా గీసుకున్న నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోతే క్లాసూ లేదు, గీసూ లేదు.

పాత హార్డ్ డిస్కు బయటికి తీసి, ఇంకో కంప్యూటరుకి తగిలించి చెవి ఆనించాడు. టిక్కు టిక్కుమంటోంది.

"ఇదిగో, ఇలా రా ఒకసారి!"

ఆవిడ చేతిలో ఊలుతోనే వచ్చింది. అందరినీ అడిగే ప్రశ్నే ఆవిడనీ అడిగాడు.

"ఇది ఏ నిమిషాన ఆగిపోతుందో తెలీదు. ముందు ఏది కావాలి?"

"నమూనాలు."

"మన ఫొటోలు కూడా ఇందులోనే ఏడ్చాయి కదే?"

"మొగుణ్ణి పొద్దస్తమానం చూస్తూనే ఉన్నా. మళ్లీ ఫొటోల్లో కూడానా!"

నమూనాలన్నీ ఆ రెండో కంప్యూటర్లోకి వచ్చేశాయి. తీరా ఫొటోల దగ్గరికి వచ్చేసరికి డిస్కు కర్రుమని ఆగిపోయింది. తట్టాడు, పక్కకి తిప్పి పెట్టాడు, బతిమాలాడు. ఊహూఁ, లాభం లేదు.

"నీ మొగుడి ఫొటోలు పోయాయే."

"పీడా పోయింది," అని నవ్వేసింది ఆవిడ. నమూనాలు దక్కిన సంతోషంలో ముఖం వెలిగిపోతోంది. ఆయనకి అది చాలు. నిజం చెప్పాలంటే ఆయనకెప్పుడూ ఏదో తక్కువైందని అనిపించలేదు. ఒక బల్ల, మంచి వెలుతురు, విప్పడానికి ఏదో ఒకటి, లోపల్నుంచి ఆవిడ కూనిరాగం. ఇంకేం కావాలి?

కొత్త డిస్కు గాడిలో కూర్చోబెట్టి, మూతల్లోని స్క్రూలు వరసగా బిగించాడు. ఒక్కటి మాత్రం నీలం మూతలోనే ఉంచేశాడు. అది ఆయన పద్ధతి. సొంతదారు వచ్చి, చూసుకుని, "బాగుంది" అనాలి. అప్పుడే చివరి స్క్రూ.

పెన్‌డ్రైవు పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే టీ తాగుతూ కూర్చున్నాడు. చూసేవాళ్లకి విసుగేమో గానీ ఆయనకి కాదు. ఏమీ లేని చోట మళ్లీ అన్నీ మొదలవుతాయి కదా, అదో సరదా. అది పూర్తయ్యాక నమూనాలు తిరిగి ఎక్కించాడు. మీటలు నొక్కి చూశాడు, పాట పెట్టి విన్నాడు. చివరికి కెమెరా. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య ఇరికించుకుని, కళ్లజోడు నెత్తి మీదికి తోసి, ఓ ఫొటో తీసుకున్నాడు. ఎవరి ల్యాప్‌టాప్ అయినా అంతే, తీసి చూసి వెంటనే చెరిపేస్తాడు.

"భోజనం చల్లారిపోతోంది! వస్తారా, రారా?"

చెరపకుండానే లేచాడు.

కడుపు నిండా తిని, "నువ్వొచ్చి చూసుకో" అని చెప్పి, అలవాటు ప్రకారం బల్ల ముందు కుర్చీలో వెనక్కి వాలాడు. గిన్నెలు సర్ది, చేతులు తుడుచుకుంటూ ఆవిడ వచ్చింది.

"ఏదీ, చూపించండి."

పలకలేదు. నిద్రపోతున్నాడనుకుని, పాపం కాసేపు పడుకోనీ అని, ఆవిడ చాలాసేపు లేపలేదు.

క్లాసు వాయిదా పడింది. పరామర్శకి వచ్చినవాళ్లంతా ఓదార్చి వెళ్లిపోయారు. ఇల్లు సద్దుమణిగాక ఒక ఉదయం ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. నమూనాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. వాటి పక్కనే ఆవిడకి తెలియని ఫొటో ఒకటి ఉంటే నొక్కింది.

పళ్ల మధ్య స్క్రూడ్రైవరు, నెత్తి మీద కళ్లజోడు, నవ్వాపుకుంటున్న ముఖం.

ఆవిడ ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, మళ్లీ ఒకసారి తేరిపార చూసి, "బాగుందండీ," అంది పైకే.

బల్ల మీద నీలం మూతలో చివరి స్క్రూ అలాగే ఉంది.