పెన్సిలు బాణాలు

శనివారం పొద్దున నేను దోసెలు వేస్తుంటే సాయిచరణ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. "దాన్ని ఇక్కడ నేనే చదివించిన గదమ్మా" అన్నాడు, నా గురించి. నా ఐఈఎల్‌టీఎస్ స్కోరు మీద, నా స్టూడెంట్ వీసా మీద, స్పౌజ్ పర్మిట్‌తో కెనడాలోని ఈ సార్నియాకి వచ్చిన మనిషి. నేను దోసె తిరగేశాను. మా అత్తగారు సరోజన అసలు విషయానికొచ్చారు. "పీఆర్ అప్లికేషన్ల మెయిన్ పేరు నీదే పెట్టు బిడ్డా. ఆడిదాని పేరు మీద మొగోడు ఉన్నడంటే నలుగుర్ల మన ఇజ్జత్ ఏం గావాలె?"

పీఆర్ అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి. ఇక్కడి డిప్లొమా నాది. నా పేరు మీద పెడితే పాయింట్లు సరిపోతాయి, అతని పేరు మీద పెడితే చాలవు. మార్చిలో నా వర్క్ పర్మిట్ అయిపోతే ఇద్దరం సూట్‌కేసులు సర్దుకోవాల్సిందే. ఇది సాయిచరణ్‌కీ తెలుసు. "సూద్దాం తీ" అన్నాడు. గొడవెందుకని నేనూ "సరే, నీ ఇష్టం" అన్నాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

శనివారాలు అకోసువా గారనే పెద్దావిడ ఇంట్లో నాకు పని. ఈ ఊళ్లో బస్సు గంటకొకటి కాబట్టి సాయిచరణ్ నన్ను కారులో దింపుతాడు, దింపిన సంగతి వారమంతా చెబుతాడు. ఆవిడ భర్త డాక్టర్ బోచ్వే, ఘనా నుంచి వచ్చి ఇక్కడ సంగీతం పాఠాలు చెప్పి, బృందగానాలు రాసి, పోయిన చలికాలం చనిపోయాడు. ఆయన కాగితాలు యూనివర్సిటీకి వెళ్తున్నాయి. వాటికి జాబితా టైప్ చేయడం నా పని. పాట పేరు, రచన ఎవరిది, నకలు రాసింది ఎవరు, అంతే.

వాళ్ల భాషలో గొంతు పైకెళ్లాల్సిన చోట కిందికి దిగితే మాటకి అర్థమే మారిపోతుందట. పాట మాట వెంటే నడవాలని ఆయన ఒక పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ముందుమాటలో భార్యకి కృతజ్ఞతలున్నాయి, టైప్ చేసినందుకు. కానీ సిరాతో రాసిన ఆయన చిత్తుప్రతుల మీద పెన్సిలు బాణాలున్నాయి, పైకీ కిందికీ. సాపు ప్రతిలో స్వరాలన్నీ ఆ బాణాలు చెప్పినట్టే మారాయి.

"ఇవి ఎవరు పెట్టారు?" అని ఆ రోజు అడిగాను.

"నేనే. ఆయన చిన్నప్పుడే మిషన్ హాస్టల్‌కి వెళ్లిపోయాడు. ఊరి మాట చెవిలో పల్చబడింది. నేను పలికి చూపించేదాన్ని."

"అయితే పాట మీరే దిద్దారు కదా. మీ పేరు ఎక్కడ రాయను?"

"నకలు దగ్గర రాయి. ఒకసారి నేనూ అడిగాను. ఇంట్లో ఉన్నదంతా నీదే కదా అన్నాడు. మంచివాడు. పరవాలేదులే అనుకున్నాను."

"ఎన్నాళ్లు అనుకున్నారు?"

"ఇప్పటిదాకా" అని టీ పెట్టడానికి లేచింది.

ఆవిడ ఏడ్చి ఉంటే ఓదార్చి ఇంటికి పోయేదాన్ని. ఏడవలేదు. నాకు భయమేసింది. ఎనభై ఏళ్ల వయసులో అంత ప్రశాంతంగా కప్పులు కడుగుతున్న ఆ మనిషిలో నేను కనిపించాను.

నలభై మూడు పాటలకీ రచన దగ్గర ఆవిడ పేరు కూడా టైప్ చేసి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆయనకి కోపమొస్తుందేమో" అంది, పోయిన మనిషి గురించి. తీసెయ్యమని మాత్రం అనలేదు.

టీ తాగుతూ ఆ ల్యాప్‌టాప్‌లోనే పీఆర్ ఫారం తెరిచాను. మెయిన్ అప్లికెంట్ దగ్గర నిఖిల అని నా పేరు కొట్టాను. నాలుగు పేజీల తర్వాత ఒక ప్రశ్న ఉంది: మీ స్పౌజ్ మీతో వస్తున్నారా? అవును, కాదు. అంటే పీఆర్‌లో అతన్నీ కలపాలా వద్దా అని. అక్కడ ఆగాను. ఇక్కడికొచ్చిన రెండేళ్లలో ఈ విషయం నన్నెవరూ అడగలేదు. బయట సాయిచరణ్ హారన్ కొట్టాడు.

ఫారం సేవ్ చేసి వెళ్లి కారెక్కాను. "ఇంతసేపా?" అన్నాడు.

"అప్లికేషన్ నా పేరు మీద పెట్టిన. నువ్వు వస్తున్నవా లేదా అని అడుగుతున్నరు, ఏం రాయాలె?" అన్నాను.