నాలుగు గంటల గడి

పది గంటల రీడింగు రాసి, నాడి మాస్టారు కుర్చీని ముందుకు లాక్కున్నారు. ఎదురుగా రెండు తెరలు, తెరల నిండా గీతలు, గీతల కింద పధ్నాలుగు పచ్చ గళ్లు. ఒక్కో గడి ఒక్కో సర్వరు. ఏది ఎంత మెమరీ మింగిందో, ఏ డిస్కులో ఎంత చోటు మిగిలిందో తెర చెబుతూనే ఉంటుంది. అయినా గంటకోసారి మాస్టారు నాడి పట్టి చూసినట్టు చూసి, పొడవాటి పుస్తకంలో చేత్తో రాసుకుంటారు. ఆఫీసులో ఆ పేరు పడింది అందుకే. హోటల్లో సర్వరు మనకు వడ్డిస్తాడు; ఇక్కడ ఇరవై రెండేళ్లుగా సర్వర్లకే ఈయన వడ్డిస్తున్నారు. క్వెరీకో వర్రీ.

వయసు యాభై మూడు. మెడ ముందుకు సాగి, కిటికీ వైపు పెరిగిన మొక్కలా ఎప్పుడూ తెర వైపే వంగి ఉంటుంది. కళ్లజోడు కాడకు టేపు చుట్టారు. చొక్కా జేబులో మూత పోయిన నీలం పెన్ను, దాని కింద ఎన్ని ఉతుకులకూ పోని మరక.

సర్వర్లకు కంపెనీ పెట్టినవి అంకెలూ అక్షరాలూ. మాస్టారు పెట్టినవి చుట్టరికాలు. మొన్ననే వచ్చి, అందరిచేతా మర్యాదలు చేయించుకునేది కొత్తల్లుడు. పక్కది చేసిందల్లా చూసి చేసేది తోడికోడలు. అన్నిటికన్నా పాతది పెద్దత్త. "గొణుగుతుంది గానీ ఇల్లు నడిపేది ఆవిడే" అంటారు. పాత లాగు ఒక్కటీ పారేయదు. లాగులంటే తొడుక్కునేవి కావు. తను చేసిన ప్రతి పనినీ రాసి దాచుకునే చిట్టాలు. ఊళ్లో ఏ ఆసుపత్రిలో ఎవరి టోకెను ఎన్నోదో పెద్దత్త కడుపులోనే ఉంటుంది. ఆవిడ పడకేస్తే రోగులంతా లేచి నిలబడాల్సిందే.

రోజూ రాగానే పుస్తకంలో ఎడమవైపు పది నుంచి ఆరు దాకా గంటలన్నీ ముందే వేసిపెట్టుకోవడం ఆయన అలవాటు. ఇవాళా వేశారు. వేశాక గుర్తొచ్చి నాలుగు, ఐదు, ఆరు కొట్టేశారు. మూడున్నరకు బయల్దేరి, నాలుగింటికి గుండె డాక్టరు దగ్గర ఉండాలి. ఇప్పటికి రెండుసార్లు ఎగ్గొట్టారు. ఈసారి భార్యే ముందుగా వెళ్లి టోకెను తీసుకుని కూర్చుంటానంది.

"ఈసారి రాకపోతే నా మీద ఒట్టే!" అంది పొద్దున, గుమ్మంలో టిఫిన్ బాక్సు అందిస్తూ.

"ఒట్టెందుకోయ్, ఉట్టినే వస్తా."

పదకొండింటికి మెట్లెక్కి యంత్రాల గదికి వెళ్లొస్తుంటే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఎవరో తాడు బిగించినట్టయింది. గోడ పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి తగ్గింది.

ఆ ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. గడి ఎర్రబడి, ఐదు నిమిషాల్లో మళ్లీ పచ్చబడితే ఎవరూ తవ్వరు. 'తనంతట తానే తగ్గింది' అని రాసి మూసేస్తారు. రోజుకు అలాంటివి నలభై వస్తాయి. మాస్టారు కూర్చుని, చెమట తుడుచుకుని, పదకొండు ఎదురుగా అదే మాట రాశారు.

"ఏంటన్నయ్యగారూ, ఏసీలో చెమటలేంటి?" అంది పక్క సీట్లో నెట్‌వర్కు చూసే ఆవిడ.

"పెద్దత్తను చూసొచ్చానమ్మా. అత్తగారి ముందు చెమట పట్టని అల్లుడుంటాడా?"

"మాటలొద్దు. మూడున్నరకు మిమ్మల్ని తోలెయ్యమని వదినగారు నాకూ ఫోన్ చేశారు."

"అంటే నా మీదా మానిటరింగే!"

రెండింటికి, సగం తిన్న బాక్సు మూస్తుంటే మళ్లీ తాడు బిగిసింది. మళ్లీ వదిలింది. మళ్లీ రాశారు.

మూడూ ఇరవైకి సంచి తగిలించుకుని లేచారు. అప్పుడే పెద్దత్త గడి ఎర్రబడింది. డిస్కు తొంభై రెండు శాతం. చూస్తుండగానే తొంభై మూడు. పూర్తిగా నిండితే ఊళ్లో టోకెన్లన్నీ ఆగిపోతాయి.

"నేను చూస్తాను, మీరు వెళ్లండి," అంది పక్కావిడ.

"ఆవిడ నీ మాట వినదమ్మా. ఏ లాగు విప్పాలో ఏది విప్పితే పరువు పోతుందో నాకు తెలుసు. పది నిమిషాలు."

పది నిమిషాలు ఇరవై అయ్యాయి. ఫోను మోగింది.

"ఏమండీ, ఇక్కడ ముప్పై ఏడు నడుస్తోంది. మనది నలభై ఒకటి. బయల్దేరారా?"

"బయల్దేరినట్టే. మీ టోకెన్ల బోర్డు ఆగకుండా చూస్తున్నానోయ్."

"బోర్డును ఎవరో ఒకరు చూస్తారు. మీ సంగతి చూసుకోండి."

"వస్తున్నా. ముప్పై తొమ్మిదో నెంబరాయన్ని కాస్త నిదానంగా దగ్గమను."

అవతల నవ్వు వినిపించింది. నవ్వించినందుకు విసుక్కోవడమూ వినిపించింది.

ఆయన ఒక్కో చిట్టా తెరిచి చూసి, తేదీ సరిచూసి తీసేశారు. తొంభై. ఎనభై నాలుగు. డెబ్భై. పెద్దత్త పచ్చబడింది. ఒక్క రీడింగు రాసి వెళ్దామని, కొట్టేసిన నాలుగు పక్కన మళ్లీ నాలుగు వేశారు. అప్పుడు తాడు బిగిసింది, ఈసారి రెండు భుజాలకీ. ఐదు నిమిషాలు చూద్దాం, అనుకున్నారు.

పక్కావిడ టీ తెచ్చేసరికి ఆయన గడ్డం గుండెల మీద వాలి ఉంది. కునుకు తీశారనుకుంది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టి కుదిపి, కప్పు జారవిడిచింది. తెర మీద పధ్నాలుగు గళ్లూ పచ్చగా ఉన్నాయి.

ఆసుపత్రిలో బోర్డు ఆగలేదు. నలభై ఒకటి వెలిగింది. భార్య లేచి, "దార్లో ఉన్నారమ్మా, వచ్చేస్తారు" అని నర్సుకు చెప్పింది. నలభై రెండు వెలిగింది.

నెల తర్వాత ఆయన వస్తువుల కోసం భార్య ఆఫీసుకు వచ్చింది. సంచి, బాక్సు ఇచ్చాక పక్కావిడ పుస్తకం తెరిచి చూపించింది.

"పదకొండుకీ రెండుకీ 'తనంతట తానే తగ్గింది' అని రాశారు వదినగారూ. ఏ సర్వరో మాత్రం రాయలేదు. ఎప్పుడూ పేరు వదిలేవారు కాదు."

ఆవిడ ఆ మాటల మీద చాలాసేపు వేలు ఉంచింది.

"ఇది మా ఇంటిదమ్మా," అంది.

వేలు కిందికి జరిగింది. కొట్టేసిన నాలుగు, దాని పక్కనే మళ్లీ వేసిన నాలుగు, ఎదురుగా ఖాళీ గడి. అందులో మూతలేని పెన్ను కాసేపు ఆనినచోట, కాగితంలోకి ఇంకిన నీలం చుక్క.